ఎర్ర టిక్కు

చోడవరం,
బుధవారం.

తమ్ముడు ఆస్టిన్‌కి,

వందనాలు రాద్దామని కూర్చుంటే మొట్టికాయలే గుర్తొస్తున్నాయి. నువ్వు ఫోన్ ఎత్తవు, నేనూ చేయడం మానేశాను. నాన్న పెట్టిన ఆంక్ష కూడా, "ఆడి పేరు ఈ షాపులో ఎత్తకండి, ఆడికి ఫోన్లు సెయ్యకండి" అన్నంత వరకే. ఉత్తరం సంగతి ఆయనకి తట్టలేదు. తునిలో నువ్వు పని చేసే ఫ్లెక్సీ షాపు అడ్రసు దిలీప్ దగ్గర దొరికింది. భయపడకు, నీ క్షేమం అడగడానికి కాదు. నీ పాస్‌వర్డ్ కావాలి.

మన ప్రింటింగ్ షాపులో కంప్యూటర్‌కి కాలం చెల్లిందట. పాత విండోస్ ఇక ఎవరూ పట్టించుకోరు, కొత్తది వేయించకపోతే ఏదో ఒకరోజు వైరస్ పట్టి ఉన్నవన్నీ పోతాయని దిలీప్ పోరుతున్నాడు. కంప్యూటర్లు బాగుచేసేవాడి మాట వినకుండా ఎలా? వేసేముందు మెషీన్ని సిద్ధం చేయాలి. ఫైళ్ళన్నీ వేరే హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాలి. మన పాత తెలుగు టైపింగ్ ప్రోగ్రాం కొత్తదానిలో పని చేయదు గనక, కార్డులన్నీ ఒక్కొక్కటే తెరిచి పీడీఎఫ్ చేయాలి. లేకపోతే తర్వాత తెరిచినప్పుడు అక్షరాలకి బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయట. రోజూ వాడుకోవడానికి పిన్ నంబరు నాకు తెలుసు. కానీ ఎకౌంటు నీ పేరు మీద పెట్టావు కదా, లోపల ఏది మార్చబోయినా నీ అసలు పాస్‌వర్డే అడుగుతోంది.

కొన్నాళ్ళుగా నాకు అదే పని. మాడుగుల హల్వా కొట్టువాళ్ళమ్మాయి పెళ్ళికార్డు, రోలుగుంట చర్చి పాటల పుస్తకం, చెరకు రైతుల మీటింగు కరపత్రం, అన్నీ తెరుస్తున్నాను. ఎంతమంది పెళ్ళిళ్ళు నీ చేతి మీదుగా జరిగాయిరా! ఒకళ్ళ కార్డు తెరవడం, పేర్లు మార్చడం, ఇంకొకళ్ళ పేరుతో సేవ్ చేయడం. డీటీపీ చేసేవాళ్ళంతా చేసే పనే, నేనూ అలాగే చేస్తున్నాను. నిన్న అమ్మ కార్డు దగ్గరికి వచ్చి ఆగిపోయాను.

దాన్ని తెరవలేదు. తెరవకుండానే అందులో ఏముందో ఊరందరికీ తెలుసు కదా. అమ్మ పోయాక చర్చిలో పెట్టిన ఆదరణ కూడికకి అచ్చు వేసిన కార్డులో పైన అమ్మ ఫోటో, కింద సువార్తమ్మ అని అమ్మ పేరు, దాని కింద "భర్త: దేవదానం". అంతకుముందు చీడికాడ దేవదానం మాస్టారి భార్యకి చేసిన కార్డు మీదే అమ్మ పేరు కొట్టావు, ఆ ఒక్క లైను మార్చడం మర్చిపోయావు. పాపం ఆ మాస్టారు కూడికకి వచ్చి, కార్డు చేత్తో పట్టుకుని, ఎవర్ని ఏమని పలకరించాలో తెలియక అలా నిలబడిపోయారు. అప్పుడు నాన్న, చర్చి వాకిట్లో అందరూ చూస్తుండగా, "అమ్మ సావుకి కూడా పాత ఫైలే దొరికిందేట్రా నీకు? కొత్త పేజీ తెరవడానికి సేతులు రాలేదేటి?" అని అరిచాడు. నువ్వు తల దించుకుని విన్నావు. మర్నాడు పొద్దున్న బస్సుకి వెళ్ళిపోయావు. నువ్వు ఒక్క మాట కూడా తిరిగి అనకపోవడం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇక నాన్నకి ఈ కొత్త విండోస్ సుతరామూ ఇష్టం లేదు. "ఉన్నది బాగానే పన్జేస్తంది గదే" అంటాడు. రోజూ నాకంటే ముందొచ్చి, తనే స్విచ్ వేసి, కంప్యూటర్ ముందు కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. సీసపు అక్షరాలు పేర్చిన మనిషి, కీబోర్డు ఎన్నడూ ముట్టుకోలేదు. మరి ఏం చేస్తున్నావని అడిగితే, "మెషీన్ ఏడెక్కాల గదే అమ్మీ" అంటాడు. మనదేమన్నా లారీ ఇంజనా?

పాస్‌వర్డ్ పంపు. తిన్నావో లేదో కూడా రాస్తే పోయేదేమీ లేదు.

నీ అప్ప,
రెజీనా

* * *

చోడవరం,
ఆదివారం, చర్చి అయ్యాక.

ఒరే మూగోడా,

నీ కార్డు అందింది. దాని మీద పాస్‌వర్డ్ తప్ప ఇంకొక్క ముక్క లేదు. పోస్టుకార్డు మీద పాస్‌వర్డ్ రాసి పంపినవాణ్ణి నిన్నే చూశాను. పోస్ట్‌మేన్ దగ్గర్నుంచి టీ కొట్టువాడి దాకా అందరూ చదివే ఉంటారు. అయినా నీ చేతిరాత చూసి ఏడుపొచ్చింది. దాచుకోలేదు, షాపులోనే ఏడ్చాను.

నాన్న ఆ కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. రెండో వైపు కూడా ఏదైనా రాశావేమోనని. పాస్‌వర్డ్ వచ్చింది, సోమవారం దిలీప్‌ని రమ్మంటాను అన్నాను. కార్డు బల్ల మీద పెట్టాడు. తర్వాత మెల్లిగా, "కొత్తది ఏస్తే ఆ మొకం పోద్దేటి?" అన్నాడు.

నాకు వెంటనే వెలగలేదు. స్విచ్ వేయగానే పిన్ అడిగేముందు వస్తుంది చూడు, గుండ్రంగా నీ ఫోటో, కింద నీ పేరు. క్రిస్మస్‌కి కుట్టించిన ఎర్ర చొక్కాతో ఉన్నావు. భుజం మీద అమ్మ వేళ్ళు ఉన్నాయి. అమ్మని పక్కన కత్తిరించేసి నిన్నొక్కణ్ణే పెట్టుకున్నావు గానీ వేళ్ళు మిగిలిపోయాయి. ఇన్నాళ్ళూ నాన్న పొద్దున్నే వచ్చి చూసుకుంటున్నది దాన్ని. నేను ఠక్కున పిన్ కొట్టేసి, ఆ ముఖాన్ని ఆయన కళ్ళముందు నుంచి రోజూ తీసేస్తున్నాను. ఎంత గుడ్డిదాన్నిరా!

ఫోటో కాపీ చేసి కొత్తదానిలో పెడతానని దిలీప్ ఫోన్లో చెప్పాడు. నాన్న ఒప్పుకోలేదు. "ఫోటో నాకెందుకు? ఆడే వచ్చి కూకోవాల" అన్నాడు. నీ పేరు ఎత్తకపోయినా నీ గురించి ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.

ఆ తర్వాత ఇంకో సంగతి కూడా చెప్పాడు. అమ్మ కార్డు గురించి. "ఇది నువ్వు రాయకు. ఆడు వస్తే నేనే సెప్తాను. ఇది మొకం మీద సెప్పాల్సిన మాట" అన్నాడు. అందుకని రాయడం లేదు, రాసేయాలని చెయ్యి లాగుతున్నా. దిలీప్‌ని ఆపాను. నువ్వు వచ్చేదాకా పాత విండోసే. తుని నుంచి చోడవరం ఎంత దూరమని? నాన్న ఈమధ్య నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు. పౌరుషానికి తర్వాత పోవచ్చు, ముందు రా.

నీ అప్ప,
రెజీనా

* * *

చోడవరం,
మంగళవారం.

తమ్ముడూ,

నాన్నని పూడ్చేటప్పుడు నువ్వు సమాధుల దగ్గరికి వచ్చావు. గుప్పెడు మట్టి వేశావు. నేను జనాన్ని తోసుకుని వచ్చేసరికి అక్కడ లేవు. కోపం లేదని రాయను, ఉంది. స్నానం చేసి తల తుడుచుకుంటూ మంచం మీద కూర్చున్న మనిషి అలాగే ఒరిగిపోతే, పట్టుకోవడానికి నేనొక్కదాన్నే ఉన్నాను. గుండె ఆగిందన్నారు. నువ్వు ముందే వచ్చి ఉంటే ఆగేది కాదని నేననను. కానీ ఆయన చెప్పాల్సింది చెప్పి పోయేవాడు.

ఇప్పుడది నా దగ్గర మిగిలింది. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"ఆడి తప్పు కాదే అమ్మీ. టైపు సేసినోడికి సొంత తప్పు కనపడదు, అందుకే గదా అచ్చుకి ముందు ప్రూఫు ఇంకోడు సూసేది. ఆడు ప్రూఫు తెచ్చి నా సేతికిచ్చేడు. పైన మీయమ్మ ఫోటో సూసేను. కింద ఒక్క అచ్చరం సదవలేదు. సదవలేక, ఎర్ర టిక్కు ఎట్టి అచ్చుకి పంపీసేను. ఆ తప్పుకే అందరి ముందర ఆణ్ణి తిట్టేను. నాన్నా, నువ్వు సూసేవు గదా అని ఒక్క మాట అన్నాడేటే? అన్లేదు."

నీకు తెలుసు కదరా. ఆ రోజు చర్చి వాకిట్లో తల దించుకున్నప్పుడు, ఆ టిక్కు ఎవరిదో తెలిసే నోరు మూసుకున్నావు. భార్య పోయిన మనిషిని పదిమందిలో తక్కువ చేయలేక నువ్వే ఆ మాట పడ్డావు. ఆయనకీ అది తెలుసు. ఇన్నాళ్ళూ ఒకళ్ళు చెప్పలేక, ఒకళ్ళు అడగలేక ఊరుకున్నారు. ఇద్దరి మధ్యా నేను పిన్ కొట్టుకుంటూ కూర్చున్నాను.

వచ్చే ఆదివారం నాన్న ఆదరణ కూడిక. కార్డు చేశాను. మన దగ్గర అలాంటి ఫైళ్ళు బోలెడున్నాయి, ఒక్కటీ తెరవలేదు. కొత్త పేజీ తీసుకుని, శ్యామ్ సుందర్ అని పేరు దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క అక్షరం కొట్టాను. కింద కుమార్తె రెజీనా, కుమారుడు ఆస్టిన్ అని వేశాను. మన పాత ప్రోగ్రాంలో ఇదే ఆఖరి పని. దీని తర్వాత దిలీప్ వచ్చి కొత్తది వేస్తాడు.

ప్రూఫ్ తీశాను. టైపు చేసింది నేను గనక నేను చూడకూడదు, అది నాన్న పెట్టిన నియమం. చూద్దామన్నా నావల్ల కావడం లేదు. ఫోటో దాకా వచ్చి ఆగిపోతున్నాను. నాన్న ఎలా చదవలేకపోయాడో ఇప్పుడు తెలుస్తోంది. అలాగని చదవకుండా టిక్కు పెట్టలేను. ఇంకొకళ్ళకి ఇవ్వను, నీకు పోస్టులో పంపను.

నాన్న జేబులో ఎర్ర పెన్ను దొరికింది. ప్రూఫ్ మీద పెట్టి ఉంచాను. వచ్చి ఆయన కుర్చీలో కూర్చుని, ఒక్కక్షరం వదలకుండా చదివి, టిక్కు నువ్వు పెట్టు. నువ్వు వచ్చేదాకా అచ్చుకి ఇవ్వను.

నీ అప్ప,
రెజీనా