ఇన్‌కమింగ్ ఫ్రీ అయ్యాక

దీనమ్మక్కా, నువ్వున్న చోటికి ఉత్తరాలు రావని తెలిసే రాస్తున్నాను. నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్ళి ఇవాళ్టికి ఏడాది. ఈ పొద్దున పగ తీర్చుకున్నాను. పగ తీర్చడం దేవుడి పనని బైబిల్లో, రోమా పత్రికలో ఉంది, నేనే ఎన్నోసార్లు ప్రసంగించాను. ఈ ఒక్క రోజుకూ నన్ను ఆపొద్దు.

మన చర్చి సంఘంలో పోస్ట్‌పెయిడ్ సెల్లున్న పదకొండు మందినీ వెంటబెట్టుకుని చిలకలూరిపేటలో ఆ కంపెనీ షాపుకు వెళ్ళాను. ఇశ్రాయేలీయులు యెరికో కోటను చుట్టుముట్టినట్టు కౌంటరును చుట్టుముట్టాం. అందరం కనెక్షన్లు రద్దు చేయించి, పక్క కొట్లో ప్రీపెయిడ్ సిమ్ములు కొన్నాం. ఇన్‌కమింగ్ ఫ్రీ. ఇక ప్రార్థన కూటం కబురు మెసేజ్‌లోనే, ఇల్లు చేరామంటే ఒక మిస్డ్ కాల్.

షాపతను బతిమాలాడు. "మేమేం పాపం చేశామండీ, అయ్యగారూ?"

"మా అక్క ఆసుపత్రి నుంచి ఆఖరిసారి ఫోన్ చేస్తే నిమిషం కూడా మాట్లాడలేకపోయింది. వచ్చిన కాల్‌కీ బిల్లేశారు గదయ్యా, దుర్మార్గుల్లారా!"

"బిల్లేసింది మేమేనండీ. ఫోన్ పెట్టేసిందెవరు?"

అవునక్కా, ఆ రోజు "తొందరగా చెప్పు, బిల్లు పడుద్ది" అన్నది నేనే. "సరేలే తమ్ముడూ" అన్నావు. పెట్టేశాను.

వాళ్ళ మీద పగ తీరింది, నా మీద తీరలేదు. అందుకే నాకు నేనే శిక్ష వేసుకున్నాను. కొత్త నంబరుకు మొదటి ఫోన్ మన సంఘంలోని సువార్తమ్మ టీచరుది. కోడలి మీద అరగంట చెప్పింది. చెవి కాలిపోయింది. ఆవిడ పెట్టేదాకా నేను పెట్టలేదు.