గడపోడు ఎంత పొడుగు?

చిరంజీవి చెల్లికి అన్నయ్య దీవెనలు.

ఇక్కడ నేనూ అమ్మా బాగానే ఉన్నాం. ఈ మాట రాసి, కాసేపు దానివైపే చూసి, కొట్టేయకుండా వదిలేశాను. అమ్మ తింటోంది, అరుగుతోంది. బీపీ మాత్ర మాత్రం మింగకుండా బుగ్గలో దాచుకుని, నేనటు తిరగ్గానే పూలకుండీలో ఉమ్ముతోంది. మన ఇంట్లో బీపీ అదుపులో ఉన్నది ఆ మొక్కకే. బావ నడుము నొప్పి తగ్గిందా? కుర్చీలో దిండు పెట్టుకోమని చెప్పు, నామోషీ పడకుండా.

ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరమేమిటని నవ్వకు. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే చాలు, అమ్మ తలుపు వెనక చేరి వింటోంది. ఆమెమీద ఎవరితోనో కుట్ర పన్నుతున్నానట. కాగితంమీద రాసుకుంటుంటే ఏమీ అనదు. కొలతలు రాసుకుంటున్నానని అనుకుంటుంది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ ఉద్యోగమేమిటని కుట్టుకి వచ్చేవాళ్ళు అడిగితే ఇప్పుడు తడుముకోకుండా చెబుతున్నాను: ‘నలుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు, ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు అందులో వీరులు. పాచికలేసి పోట్లాడతారు. ఆ పోట్లాటకి కావలసిన భూతాల పుస్తకం మా చెల్లి రాస్తోంది’ అని. కోటు కుట్టించుకోవడానికొచ్చిన పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకుని, “భూతాలకి జీతం కూడా ఇస్తున్నారా!” అన్నాడు.

చిన్నప్పుడు అమ్మ కథల్లో చెప్పిన గడప భూతం గడపోణ్ణి నీ పుస్తకంలో పెడితే, ఆట ఆడి చూసినవాళ్ళు మూడు దెబ్బల్లో చంపేసి, ‘వీడి దగ్గర నిధి ఏముంది?’ అని అడిగారని రాశావు. నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. నువ్వు వాడికి గోళ్ళు పెట్టావు, నోట్లో మంట పెట్టావు, ఎన్ని దెబ్బలకి చస్తాడో లెక్క తెలిసేలా ప్రాణానికి ఇన్ని అంకెలని రాశావు. అన్నీ ఇచ్చి అసలు వాణ్ణి మర్చిపోయావు. చిన్నప్పుడు మనం వాడు కనబడ్డాక భయపడ్డామా? కనబడకముందే కదా దుప్పట్లో దూరింది! గుమ్మం బయట విప్పిన చెప్పులు లోపలివైపు తిరిగి ఉంటే వాడొచ్చినట్టు. ఎవరినీ పిలవకముందే లోపల్నుంచి ‘ఆఁ’ అని బదులు వస్తే వాడొచ్చినట్టు. నీ వీరులకి ముందు ఆ చెప్పులు చూపించు. కత్తి తరవాత తీస్తారు.

ఇక నీ ప్రశ్నలు. ఎంత పొడుగు అన్నావు. ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి గుమ్మమంత. ఏం తింటాడు అన్నావు. ఏమీ తినడు. ఇంట్లోవాళ్ళ మొహం పెట్టుకుని, వాళ్ళ గొంతుతో మాట్లాడుతూ, పళ్ళెం ముందు కూర్చుంటాడు. అన్నం అలాగే ఉంటుంది. భూతం కాకముందు ఎవరన్నావు. మనిషే. ఎవరో ఇల్లు చూస్తుండమని చెప్పి వెళ్ళి మళ్ళీ రాలేదు. వీడు గడప దాటలేదు. నిలబడగా నిలబడగా వేళ్ళు తలుపు చెక్కలోకి దిగిపోయాయి. అప్పట్నుంచి లోపలికి ఎవరొచ్చినా రానిస్తాడు, బయటికి పోనివ్వడు. దేనికి భయపడతాడన్నావు. అమ్మ నాకు సూది అని చెప్పింది, నీకేమో ఉప్పని. ఏది నిజమని నువ్వు తల బద్దలు కొట్టుకోకు. నీ ఆటలో ఒక ఇంటి ముసలమ్మ సూదంటుంది, పక్క వీధి వంటవాడు ఉప్పంటాడు. ఇద్దరూ ఒట్టేసి చెబుతారు. వీరులు రెండూ పట్టుకెళ్ళి రెండూ పనిచేయక బిక్కమొహం వేయాలి. కథలు అలాగే కదా మనదాకా వచ్చింది!

చివరికి ఏమవుతుందో గుర్తులేదన్నావు. నాకూ లేదు. ఇద్దరం అంతదాకా మెలకువగా ఎప్పుడున్నాం? అందుకని అమ్మనే అడుగుదామని దగ్గర కూర్చున్నాను.

“అమ్మా, గడపోడి కథ చివర ఏమవుతుందే?”

అమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. గొంతు తగ్గించింది. “నన్నడుగుతావేం? నీకు తెలీదా?”

“నాకెలా తెలుస్తుంది?”

“మావాణ్ణి ఏం చేశావు? మొహం మాత్రం బాగా పెట్టుకున్నావు. వాడికి చెవి దగ్గర మచ్చ ఉంటుంది, అదీ పెట్టుకున్నావు.” చేయి చాచి మచ్చని గోటితో గీకి చూసింది. “మావాడు తలుపుకి తాళం వెయ్యడు.”

నీకు ఇంతవరకూ ఇది రాయలేదు. ఒకరోజు అమ్మ వానలో చెప్పుల్లేకుండా బయటికి వెళ్ళి, లారీలు తిరిగే రోడ్డుమధ్య నిలబడితే, ఎదురింటి టీచరమ్మ చేయి పట్టుకుని తీసుకొచ్చింది. అప్పట్నుంచి తలుపుకి లోపల్నుంచి తాళమే. తాళంచెవి నా మెడలో, కొలిచే టేపు పక్కన వేలాడుతోంది. గుమ్మం ఎదురుగా మిషన్ వేసుకుని కూర్చుంటాను. ఆమె వచ్చి తలుపు లాగుతుంది, నేను ‘తరవాత వెళ్దాంలే’ అంటాను. మళ్ళీ వస్తుంది. మళ్ళీ అంటాను. కంచం ఎదురుగా పెట్టుకుంటే నాకూ తినబుద్ధి కాదు. ఆమె అది కూడా గమనిస్తోంది. “చూశావా, తినడు” అని గోడతో చెబుతుంది.

ఇప్పుడు రాయబోయేది చదివి నన్ను ఏమైనా అనుకో, కానీ చదువు.

మొన్న మధ్యాహ్నం అమ్మ నిద్రపోతుంటే, కుట్టిన ప్యాంట్లు ఇచ్చి వెంటనే వచ్చేద్దామని బయట తాళం వేసి వెళ్ళాను. ఇచ్చేశాను. తిరిగొస్తుంటే స్టాపులో బస్సు ఆగి ఉంది. ఎక్కాను. ఎందుకెక్కానని అడిగితే చెప్పలేను. కిటికీ పక్కన చోటు ఉంది, అంతే. మన వీధి వెనక్కి పోయింది, మార్కెట్ వెనక్కి పోయింది, నేను దిగలేదు.

“దిగండి సార్, ఆఖరి స్టాపు,” అన్నాడు కండక్టరు.

“ఇక్కణ్ణుంచి ఇంకో బస్సుందా?”

“ఎక్కడికండీ?”

“ఎటైనా.”

అతను నా మెడలో టేపు చూశాడు, తాళంచెవి చూశాడు. “ఇంటికెళ్ళండి సార్. ఈ బస్సే తిరిగి వెళ్తుంది,” అన్నాడు మెల్లగా.

దిగి బల్లమీద కూర్చున్నాను. ఎండగా ఉంది, గాలి బాగుంది. హాయిగా ఉంది చెల్లీ. అమ్మ గుర్తు రాలేదు. స్టవ్వు కట్టేశానో లేదో గుర్తు రాలేదు. ఆ బస్సు వెళ్ళిపోయింది, తరవాతిదీ వెళ్ళిపోయింది. ఎవరో తల్లి పిల్లని గట్టిగా పిలిచింది. అప్పుడు లేచాను. తిరిగొచ్చే దారంతా కాళ్ళు వణికాయి, అమ్మకి ఏమయిందోనని కాదు, నాకు అంత హాయిగా ఎలా ఉందోనని.

తలుపు తీస్తే అమ్మ గుమ్మం వెనకే నా మిషన్ స్టూలుమీద కూర్చుని ఉంది. అంత బరువైనదాన్ని ఒక్కతే ఎలా ఈడ్చుకొచ్చిందో! అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. నా మొహంలోకి చాలాసేపు చూసింది.

“ఎన్నాళ్ళని నిలబడతావు నాయనా?” అంది. “కాళ్ళు చూడు, ఎలా వణుకుతున్నాయో. నేను కూర్చుంటాలే ఇక్కడ. నువ్వెళ్ళి పడుకో.”

“అమ్మా, నేను...”

“వెళ్ళినవాడు తిరిగొచ్చినా రాకపోయినా నీకెందుకు? ఇల్లు నేను చూసుకుంటాను. పో.”

నన్ను కొడుకనుకుని అందో, గడపోడనుకుని అందో నాకు తెలియదు. లోపలికెళ్ళి ఆమె మంచంమీద పడ్డాను. అలా పడుకుని ఎంతకాలమైందో! కళ్ళు తెరిచేసరికి గదిలోకి సాయంత్రం వెలుగు వచ్చింది. వీధి చప్పుడు మరీ దగ్గరగా వినబడుతోంది. తలుపు వేయడం మర్చిపోయాను.

పరిగెత్తాను. తలుపు బార్లా తెరిచి ఉంది, తాళంచెవి తాళానికే వేలాడుతోంది. అమ్మ స్టూలుమీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని, వీధివైపు చూస్తూ కూర్చుని ఉంది. అడుగు దూరంలో గడప. దాటలేదు.

“లేచావా?” అంది, వెనక్కి చూడకుండానే. “ఎవరూ రాలేదు.”

కథ చివర ఇదేనేమో. నాకయితే ఇదే. నీ వీరులు పాచికలు పక్కన పెట్టి, వాళ్ళలో ఒకడు గడపోడితో ‘నేను కూర్చుంటాలే, నువ్వెళ్ళి పడుకో’ అనాలి, అన్నవాడు అక్కడ కూర్చోవాలి. వాడికి ప్రాణానికి ఎన్ని అంకెలు పెడతావో నీ ఇష్టం.

మర్నాటికి అమ్మ అదంతా మర్చిపోయింది. మళ్ళీ నేను గడపోణ్ణి, మళ్ళీ తలుపు లాగింది, మళ్ళీ తాళం వేశాను. ఇది రాస్తుంటే కూడా లాగుతూనే ఉంది.

నువ్వు రా. పళ్ళూ మందులూ పట్టుకుని చూసిపోవడానికి కాదు. నీ కాగితాలు, నీ భూతాలు అన్నీ తెచ్చుకో, ఇక్కడ కూర్చుని రాసుకో. ఇంతవరకూ నిన్నేదీ అడగలేదు, అడగడం ఎలాగో తెలియక ఇన్ని పేజీలు రాశాను. నువ్వొచ్చిన రోజు నేను ఆ బస్సెక్కుతాను. తిరిగి ఎప్పుడొస్తావని మాత్రం అప్పుడు నన్నడగకు. నాకే తెలియదు.

ఇట్లు,
తాళం తీయడానికి లేస్తున్న
నీ అన్నయ్య