పిండి మూట ఇంటిపేరు

పిక్టౌ రేవు, నోవా స్కోషియా
1911 నవంబరు 9

శ్రీమతి మోరగ్ ఫ్రేజర్ గారికి, బ్యూలీ, స్కాట్లాండ్

నాయనమ్మా, నేను కులాసా, దిగులు పెట్టుకోకు.

పనికి రమ్మన్న ఇంటివాళ్లు నేను ఓడ దిగేసరికే ఊరు విడిచి వెళ్లిపోయారు. ఒంట్లో జ్వరం, బయట మంచు. రేవులో నా ఇంటిపేరు చెప్పి దిక్కు అడిగితే గుట్ట మీద ఫ్రేజర్ల ఇల్లుందన్నారు. వెళ్లి తలుపు కొట్టాను. ఎఫీ అవ్వ తీసి, "ఎవరి పిల్లవే?" అంది. ఫ్రేజర్ల పిల్లనన్నాను. "అయితే మన పిల్లే, లోపలికి తగలడు!" అని పది రోజులు కన్నబిడ్డలా సాకింది.

ఉత్త ఇంటిపేరు చెప్పుకుని వాళ్ల తిండి తినడానికి నిన్న మనసొప్పక, నువ్వు బయట అనొద్దన్న మాట చెప్పేశాను. కోప్పడకు. మనవాళ్లు పుట్టు ఫ్రేజర్లు కారనీ, కరువొచ్చిన ఏట ఫ్రేజర్ దొరగారు మూటెడు ఓట్స్ పిండి ఇస్తే ఆయన ఇంటిపేరు పెట్టుకున్నారనీ. అవ్వ పగలబడి నవ్వి మొగుణ్ణి కేకేసింది: "ఇదిగో ముసలాడా, ఇదీ మనలాగే పిండి ఫ్రేజరేనట!" ఆయన పొయ్యి దగ్గర్నుంచే, "మీకు మూట నిండా ఇచ్చారా పిల్లా? మా ముత్తాతకు సగమే కొలిచారు" అన్నాడు.

నా బూడిదరంగు శాలువా డంకన్ చిన్నాన్న వచ్చే ఓడలో పంపు. ఆవు ఈనిందా? నీ మోకాలి నొప్పి తగ్గిందా? ప్రార్థనలో ఎఫీ అవ్వ పేరు కూడా చేర్చు. పొద్దున ఆమె కాచిన ఓట్స్ జావ తాగుతుంటే అనిపించింది నాయనమ్మా, ఆ మూట ఇంకా అయిపోలేదు.

నీ మనవరాలు
ఊనా ఫ్రేజర్