పదకొండు బీగంచెవులు

మంగళవారం

మా పౌరసత్వం దరఖాస్తుల మీద విచారణకు ఈ పొద్దు పోలీసాయన వచ్చినాడు. నేపాల్ నుంచి ఎప్పుడొచ్చినారు, మా ఆయన నూడుల్స్ బండి యాడ పెడతాడు, పిల్లలిద్దరూ ఏ బడి, అన్నీ రాసుకున్నాడు. కడాకు, "ఏడాదిగా మీరు ఊరు కదల్లేదని పక్కిండ్లోళ్లు ఇద్దరు సంతకం పెట్టాలమ్మా, పిలువు" అన్నాడు.

ఎవర్ని పిలిచేది? ప్రతి ఏడూ మాదిరే వీధంతా ఇండ్లకు బీగాలేసి గుంటూరు దిక్కు మిరప కోతలకు పోయింది. అదే చెప్పినా. "అయితే మీరు ఈడున్నట్టు చూసినోళ్లెవరు?" అన్నాడు.

మా పెద్దపాప లోపలికి పోయి డబ్బా తెచ్చి ఆయన ముందర పెట్టింది. పోయేటోళ్లు మాకిచ్చిపోయిన బీగంచెవులు, పదకొండిండ్లవి.

"ఇవి సంతకం పెట్టవు గదమ్మా" అని, సాక్షులు లేరని రాసుకుని పోయినాడు. నాకు కోపం రాలేదు. ఆయన పని ఆయనది. పాప వచ్చే ఏడు కాలేజీలో చేరాల. అప్పటికి ఆ కాగితం రాకపోతే...

పక్కింటి మారెమ్మక్కకు ఫోన్ చేసినా. "ఉగాదికి వస్తాం లే, వేలిముద్ర ఏస్తా" అనింది. నేను ఊరు కదల్లేదని, మూడు నెల్లుగా ఊళ్లో లేని ఆమె వేలిముద్ర వేయాల.

ఫోన్ పెట్టే ముందు, "మా కోళ్లకు నీళ్లు పెట్టినావా?" అని అడిగింది.

పెట్టినా అన్నాను.