ఉత్తరపు కిటికీలో ఎండ

తమ్ముడికి అన్నయ్య దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ అక్కా కులాసా. నువ్వూ కులాసా అని రాశావు. నువ్వు రాసిందల్లా నమ్మడం నేను మానేసి చాలా కాలమైంది.

ఎప్పటినుంచంటే, నువ్వు ఇల్లు విడిచి దేశం దాటిన రోజు నుంచి. చెక్కలు చెక్కే నాన్న బాడిస అడక్కుండా సంచిలో వేసుకుపోయావు. వంటవాడివి, నీకు బాడిస ఎందుకురా? వంకాయలు చెక్కుతావా? అడిగితే చూడనే లేదన్నావు. పోనీలే అన్నాను. ఆ పోనీలే ఇన్నేళ్ళయినా నా గొంతు దిగలేదు.

అక్క మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగావు. అలాగే ఉన్నాయి. ఎముకలు మెత్తబడ్డాయి, రోజూ ఎండలో కూర్చోబెట్టమని డాక్టరు చెప్పాడు. ఎండేదీ? మన దక్షిణం వైపు ఖాళీ స్థలంలో అయిదంతస్తుల మేడ లేచింది. చలికాలంలో ఆ వైపు కిటికీలోంచి మంచం దాకా వచ్చే ఎండ మొన్నటి చలికాలం ఆ మేడ దగ్గరే ఆగిపోయింది. డాబా మెట్లు తను ఎక్కలేదు. వీధిలో కుర్చీ వేస్తానంటే, "బండ్ల కింద పడి చావనా?" అంటుంది.

అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. అక్కని నీ దగ్గరికి పంపమని, అక్కడ తనకిచ్చే గదికి ఉత్తరపు కిటికీ ఉందని, రోజంతా ఎండ వస్తుందని. కూడబలుక్కుని పైకి చదివి పకపకా నవ్వాను. జన్మంతా కిటికీలు బిగించిన వడ్రంగిని. మన దగ్గర నడివేసవిలో సూర్యుడు నడినెత్తికొచ్చి, ఉత్తరానికి కాస్త ఒరిగితే ఒరుగుతాడు. అంతేగాని ఉత్తరపు కిటికీలోంచి లోపలికొచ్చి కూర్చోడు. పైగా మేమిక్కడ ఉడికిపోతుంటే నువ్వు స్వెట్టరు వేసుకున్నానని రాయడం ఒకటి. చీకటి కొట్లో పడేసేందుకే పిలుస్తున్నాడు అనుకున్నాను.

అక్క ఉల్లిపాయలు తరుగుతోంది. తల కూడా ఎత్తలేదు.

"అక్కడంతేలే అన్నయ్యా. మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు."

"నీకెవరు చెప్పారే?"

"ఎవరో చెప్పే ఉంటారు. అబ్బ, కళ్ళు మండిపోతున్నాయి" అని లేచి వెళ్ళిపోయింది. ఉల్లిపాయలు నేనూ తరుగుతాను. అంత మంట ఉండదు.

నిన్ను అబద్ధంలో పట్టుకోవాలని పై వాటాలో ఉండే టీచరమ్మ దగ్గరికి పోయాను. ఆవిడ గుండ్రటి గుమ్మడికాయ తెచ్చి, నడుం చుట్టూ సుద్దతో గీత గీసి, "ఇదే భూమి అనుకోండి. మేకులున్నాయా తాతగారూ?" అంది. మూడు మేకులు నిలువుగా దిగ్గొట్టాను. ఒకటి గీత మీద, ఒకటి కొంచెం పైన మన ఊరికి, ఒకటి బాగా కింద నీ ఊరికి. గీతకి ఎదురుగా టార్చి వేసింది. గీత మీది మేకుకి నీడే లేదు. మన మేకు నీడ పైకి పడింది. నీ మేకు నీడ కిందికి పడింది, అదీ మనదానికన్నా బారుగా.

"నీడ దక్షిణానికి పడిందంటే వెలుగు ఎటునుంచి వస్తున్నట్టు?" అని నన్నే అడిగింది. ఉత్తరం నుంచే. "గీతకి ఎంత దూరం పోతే మధ్యాహ్నం సూర్యుడు అంత కిందికి దిగి కనిపిస్తాడు. అందుకే కిటికీలోంచి లోపలిదాకా వస్తాడు. మనకి ఎండాకాలమైతే వాళ్ళకి చలికాలం" అంది. కాయని అటూ ఇటూ తిప్పి చూశాను. ఎక్కడా మోసం దొరకలేదు.

సరే, నీ కిటికీ నిజమే. కానీ నాకు గుమ్మడికాయా మేకులూ పెట్టి చెప్పాల్సి వచ్చిన సంగతి మీ అక్కకి ముందే ఎలా తెలుసు? నువ్వు చెప్తేనే తెలియాలి. ఈమధ్య ఆ మోకాళ్ళతోనే పక్కనున్న దర్జీ అమ్మాయి కొట్టుకి పోయి వస్తోంది. ఒక్క జాకెట్టూ కుట్టించుకోలేదు. అక్కడ ఫోనుంది.

నువ్వే రమ్మన్నావా? తనే పిలిపించుకోమందా? నేను కసురుతాను, నిజమే. నా గొంతే అంత. ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందనే అంటాను. ఆ మాత్రానికే పోతానంటుందా? అడుగుదామని రెండుసార్లు దగ్గరికి వెళ్ళి, మంచినీళ్ళు అడిగి వచ్చేశాను.

ఇంకొకటి చెప్పాలి. నీ కవరులో అక్క టికెట్టు కూడా ఉంది. ఉత్తరం పైకి చదివాను గాని టికెట్టు చొక్కా జేబులో వేసుకున్నాను. ఇప్పుడది నా పనిముట్ల పెట్టెలో ఉలుల కింద ఉంది. "ఇంకేమైనా వచ్చిందా పోస్టులో?" అని అక్క రోజూ అడుగుతోంది. రాలేదంటున్నాను.

ప్రయాణం ముప్పయ్యో తారీఖున. దర్జీ కొట్టుకి ఫోను చేసి మాట మార్చకు, కాగితం మీద రాయి. నువ్వే రమ్మన్నావంటే టికెట్టు తిప్పి పంపేస్తాను, రోజూ మీ అక్కని ఎత్తుకుని డాబా మీదికి తీసుకెళ్ళి ఎండలో కూర్చోబెడతాను. తనే అడిగిందంటే, పెట్టె నేనే సర్ది దగ్గరుండి ఎక్కిస్తాను, ఒక్క మాటా అనను. నా మనసు నొచ్చుకుంటుందని మాత్రం అబద్ధం రాయకు. ఇరవయ్యో తారీఖు లోపల నీ జవాబు నా చేతిలో ఉండాలి.

ఇట్లు,
మీ ఇద్దరికీ పెద్దవాడు,
అన్నయ్య