నా జ్ఞాపకార్థ కూడికకు నేనే వండాను

దేగు,
1963 నవంబరు 20.

నాయనా దొక్సూ,

ఆ సరిహద్దు మంచులో ప్రభువు నిన్ను చల్లగా చూడాలని రాయబోయి ఆగాను. వెచ్చగా చూడాలి. ఇక్కడ నేనూ చెల్లి మల్సూనూ క్షేమం. నేను క్షేమమంటే వింతగా ఉంటుందేమో, ఎందుకంటే పోయిన గురువారానికి నేను చచ్చి అయిదేళ్లు నిండాయి.

ఉన్ని మేజోళ్లు అందాయో లేదో రాయనే లేదు. వాటిలో మిరపపొడి పొట్లం కూడా పెట్టాను, మీ సార్జెంటు నొక్కేశాడేమో చూడు. చెల్లికి దగ్గు తగ్గింది. లెక్కల్లో దానిదే ఫస్టు. మార్చి నుంచి పెద్దబడి, అదీ అమెరికా నుంచి దాని చదువుకు డబ్బు పంపే హారియట్ అమ్మగారే చదివిస్తానన్నారు. 'ఈ ఉత్తరాలు ఎవరిచేత రాయిస్తున్నావు' అని అడిగావు. ఎవరిచేతా కాదు. వసంతకాలం నుంచి పాస్టరమ్మగారు ఆదివారం మధ్యాహ్నాలు అక్షరాలు నేర్పుతున్నారు. వంకరగా ఉన్నాయని నవ్వావంటే ఊరుకోను.

ఇక నా కడుపుమంట విను. పోయిన బుధవారం క్యాబేజీలకు ఉప్పు తెస్తూ నేను వండిపెట్టే ఈ అనాథాశ్రమం గేటు దగ్గర బస్తా దించాను. తలెత్తితే బోర్డు. అయిదేళ్లుగా దాని కిందే తిరుగుతున్నాను. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాను. 'తల్లిదండ్రులు లేని పిల్లలకు, ఉండీ చదివించలేని వారి పిల్లలకు, క్రీస్తు ప్రేమతో చదువు.' ఉండీ చదివించలేని వారి పిల్లలకు! మూడుసార్లు చదివాను. ఆ తర్వాత బస్తా అక్కడే వదిలేసి సంఘపెద్ద ప్యో గారి గదిలోకి చెప్పులతోనే వెళ్లాను.

"అయ్యగారూ, మల్సూన్ తల్లిని నేనే," అన్నాను.

ఆయన కళ్లద్దాలు కూడా తీయలేదు. "మొదటిరోజే తెలుసు వంటమ్మా. ఆ ముక్కు చూస్తే తెలియదా?"

"బోర్డు మీద అలా ఉంటే మరి నాకెందుకు చెప్పలేదు?"

"తల్లి ఉన్న పిల్ల ఫొటో పంపితే ఏడాదైనా ఎవరూ ముందుకు రారు. అనాథ అని పంపితే నెల తిరక్కుండా ఉత్తరం వస్తుంది. పిల్ల చదువుకుంటోందా లేదా? నోరు మూసుకుని వంట చూసుకో."

మర్నాడే నా జ్ఞాపకార్థ కూడిక. ప్రతి అనాథపిల్లకూ ఏటా పెట్టినట్టే చెల్లికీ పెడతారు కదా. ఉప్పుకు పగిలిన చేతులతో నా చావుకు నేనే సోయా మొలకల పులుసు కాచాను. కీర్తన అయ్యాక చెల్లి లేచి హారియట్ అమ్మగారికి రాసిన ఉత్తరం చదివింది. 'మా అమ్మ సమాధి మీద ఈ ఏడు తెల్ల చామంతులు పెట్టాను' అట, చదువుతూ ఏడ్చింది కూడా. ప్యో గారు రుమాలుతో కళ్లొత్తుకున్నారు. ఆ రుమాలు చూసేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని పాస్టరుగారు అడగ్గానే గరిటెతోనే లేచాను. "ఆ పోయినావిడ నేనే. దీని చేత ఇన్నాళ్లూ అబద్ధం రాయించారు," అన్నాను.

పిల్లలు నవ్వారు. చెల్లి నవ్వలేదు. వంటింట్లోకి వచ్చి నా మీదే విరుచుకుపడింది. "వాళ్లని నమ్మించడానికి ఏడ్చాననుకున్నావా? నువ్వు ఎదురుగా ఉంటే, ముట్టుకోకూడదని నిజంగానే ఏడ్చాను. ఇప్పుడు నన్ను అందరూ దొంగ అంటారు. బడి కూడా పోతుంది. నీకు తృప్తిగా ఉందా?"

నీకు కూడా చెప్పనిది ఒకటుంది నాయనా. అమ్మని చచ్చిపోయినట్టు రాసింది ప్యో గారేనని ప్రతి ఉత్తరంలోనూ ఆయన్ని తిడుతున్నావు. నేను తిట్టనిచ్చాను. రాయించింది నేను. ఆశ్రమంలో చోటు తల్లిదండ్రులు లేనివాళ్లకే అని బజారులో ఎవరో అన్నారు. నిజమా అని ఇంకొకరిని అడగలేదు. మేనత్తనని చెప్పి, వాళ్ల అమ్మ పోయిందని వేలిముద్ర వేశాను. చెల్లి పక్కనే నిలబడి చూసింది. దానికి అప్పుడు ఏడేళ్లు. ఆయన మీద నా కోపం తగ్గలేదు, తగ్గదు కూడా. కానీ అందులో సగం నాది.

నాలుగు రోజులు చెల్లి వంటింటి ఛాయలకు రాలేదు. నిన్న ఆ క్యాబేజీల కిమ్చీ పచ్చడికి కారం పట్టిస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది. నలభైమంది పిల్లలు చూస్తుండగా, "అమ్మా, చేతులు మండుతున్నాయా?" అంది. మండుతున్నాయన్నాను.

బడి మాట ఇంకా తేలలేదు. పాస్టరుగారు మాట్లాడతానన్నారు, ప్యో గారు మొహం తిప్పుకుని పోతున్నారు. ఎవరూ చదివించకపోతే మళ్లీ కూరగాయల గంప ఎత్తుతాను, అంతే. హారియట్ అమ్మగారికి మేమిద్దరం కలిసి ఉన్నదున్నట్టు రాశాం. కింద పెద్దవాళ్లెవరైనా సంతకం పెట్టాలి. చెల్లి అలవాటు కొద్దీ సిరా డబ్బా నా బొటనవేలి దగ్గరికి జరిపింది. దాన్ని పక్కకు నెట్టి, కలం తీసుకుని, ఇక్కడ కింద రాసినట్టే నా పేరు రాశాను.

ఇట్లు,
బతికే ఉన్న మీ అమ్మ,
చోయ్ బున్నే