అమ్మ పేరు రాసిన గొట్టం

చెల్లీ,

ఈ రోజు నీ సంవత్సరీకం. పంతులు వెళ్లాక, నీ దగ్గర పరిశోధన చేసిన కొత్తకోట అమ్మాయి షాహీన్ వచ్చింది. నీ ల్యాబు ఖాళీ చేస్తున్నారట. ఫ్రీజర్‌లో అమ్మ పేరు రాసిన చిన్న గొట్టం దొరికిందట. ఏ మందుకూ లొంగక, వనపర్తి దవాఖానలో అమ్మ ప్రాణం తీసిన టైఫాయిడ్ క్రిమి అందులో ఉందట. అమ్మ రక్తం నుంచి నువ్వే తీసి దాచావట.

"ఇంకా బతికే ఉందా?" అన్నాను.

"ఉంది పెద్దమ్మా. మందుకు ఎందుకు సావదో దాని జన్యువులల్ల మేడం సగమే సదివింది. మీరు సరేనంటే నేను తీస్కపోత. వద్దంటే రేపే కాల్చేస్తరు."

తమ్ముడు విస్తరి ముందు నుంచే అరిచాడు. "అమ్మను సంపినదాన్ని సాదుడేంది? కోడిపిల్లనా గది? కాలబెట్టుమను అక్కా!"

"సాదుతలేను మామా, సదువుతున్న," అంది షాహీన్.

మంచాన పడ్డాక కూడా నువ్వు ఆ గొట్టం సంగతే అడిగేదానివని ఆమె చెప్పింది. నాకు మాత్రం నువ్వు ఒక్కసారీ చెప్పలేదు. చెబితే నేనూ కాల్చేయమంటానని భయపడ్డావేమో.

"ఉంచుకో బిడ్డా," అన్నాను. తమ్ముడు తినకుండానే లేచిపోయాడు.

సాయంత్రం దీపం పెట్టి, ఇంటిల్లిపాది పేర్లూ దేవుడికి చెప్పుకున్నాను. షాహీన్ చదవడం పూర్తయ్యేదాకా ఆ క్రిమిని కూడా క్షేమంగా చూడమన్నాను. తల ఎత్తి అమ్మ పటం వైపు చూడలేకపోయాను.

నీ పెద్దక్క